పక్కవాళ్ళ షీట్ చూసి తయారుచేయాల్సిన సేనాని: డ్రాగన్‌బోర్న్ వార్‌లార్డ్‌పై నా సమీక్ష

బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా పాచికలు వేస్తూ ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట నాలుగో ఎడిషన్ 2008లో వచ్చింది. అంతకు ముందు ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అనే రూల్స్ పుస్తకంలో చోటు దొరకని రెండు సంగతులు అందులో మొదటి పుస్తకంలోనే కనిపించాయి. ఒకటి, డ్రాగన్ పోలికలతో రెండు కాళ్ళ మీద నడిచే డ్రాగన్‌బోర్న్ జాతి. రెండోది, మంత్రం జోలికి పోకుండా గొంతుతోనూ బుర్రతోనూ యుద్ధం నడిపించే వార్‌లార్డ్ క్లాసు, అంటే పాత్ర వృత్తి. ఈ రెంటినీ కలిపి నేను చేసుకున్న సేనాని పేరు థావా. మొదటి లెవెల్ నుంచి పదకొండు దాటేదాకా ఆమెనే ఆడాను, తర్వాత ఐదో ఎడిషన్‌లోకి కూడా తెచ్చాను. నాలుగో ఎడిషన్ పాతబడింది, నిజమే. అయినా దాన్ని వదలని గుంపులు ఇంకా ఉన్నాయి, పీడీఎఫ్‌లు ఇప్పటికీ కొనుక్కోవచ్చు. డ్రాగన్ సేనానిని తయారుచేసుకోవాలని మనసు పడేవాళ్ళకి ఇంతకంటే మంచి రూల్స్ నాకు దొరకలేదు.

నా తీర్పు ముందే చెప్పేస్తాను: ఈ జోడీ చాలా బాగుంది. అయితే దాని బలం సొంత షీట్ (పాత్ర అంకెలు, శక్తులు రాసుకునే కాగితం) ఒక్కటే చూస్తే బయటపడదు, పక్కవాళ్ళ షీట్లు ముందు పరుచుకుని తయారుచేస్తేనే వస్తుంది. ఎంత పెద్ద ఆయుధం, ఎంత డ్యామేజ్ అని లెక్క చూసుకునేవాళ్ళకి ఇది నచ్చదు. పెళ్ళి పందిట్లో వడ్డన అజమాయిషీ చేసే పెద్దమనిషి విస్తరి ముందు కూర్చునేది ఆఖర్నే కదా, వార్‌లార్డ్ పనీ అలాంటిదే.

ముందు అంకెల సంగతి. పాత్ర గుణాలు ఆరు: బలానికి స్ట్రెంగ్త్, ఒంటి దృఢత్వానికి కాన్‌స్టిట్యూషన్, చురుకుదనానికి డెక్స్‌టెరిటీ, తెలివికి ఇంటెలిజెన్స్, వివేకానికి విజ్‌డమ్, ఆకర్షణకి కరిజ్మా. డ్రాగన్‌బోర్న్‌కి స్ట్రెంగ్త్‌లో 2, కరిజ్మాలో 2 కలుస్తాయి. వార్‌లార్డ్ కత్తి ఎత్తేది స్ట్రెంగ్త్‌తో, పక్కవాళ్ళలో ఊపు తెచ్చేది కరిజ్మాతో. ఇక్కడిదాకా చూస్తే ఇద్దరూ ఒకరి కోసం ఒకరు పుట్టినట్టే ఉంటారు. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. వార్‌లార్డ్‌కి పేరు తెచ్చిన పవర్లలో చాలావాటికి ఇంటెలిజెన్స్ కావాలి. ఈ జాతివాళ్ళు నోటితో ఊదే డ్రాగన్ బ్రెత్ డ్యామేజ్‌కి కలిసేది కాన్‌స్టిట్యూషన్. పైగా ఈ జాతివాళ్ళకి ఒక్కో హీలింగ్ సర్జ్‌తో (రోజుకి ఇన్నని ఉండే కోలుకునే అవకాశం) తిరిగొచ్చే హిట్ పాయింట్లకీ, అంటే ప్రాణబలానికీ, కాన్‌స్టిట్యూషన్ మాడిఫయరే (గుణం అంకెను బట్టి వచ్చే కలుపు) కలుస్తుంది. నాలుగు చోట్ల ఖర్చు పెట్టాలి, గుణాలు కొనుక్కోవడానికి చేతిలో ఉన్నవి 22 పాయింట్లు.

సులువైన దారి ఒకటుంది: స్ట్రెంగ్త్ 18, కరిజ్మా 16 పెట్టి ఇన్‌స్పైరింగ్ ప్రెజెన్స్ అనే వార్‌లార్డ్ లక్షణం తీసేసుకోవడం. పార్టీలో (కలిసి పోరాడే పాత్రల గుంపులో) ఎవరైనా యాక్షన్ పాయింట్ ఖర్చు పెట్టి అదనపు యాక్షన్ తీసుకుంటే, మన లెవెల్‌లో సగానికి కరిజ్మా మాడిఫయర్ కలిపి అన్ని హిట్ పాయింట్లు వాళ్ళకి తిరిగొస్తాయి. చెడ్డ దారేమీ కాదు. కానీ యాక్షన్ పాయింట్లు అంత తరచుగా రావు. రాత్రి పడుకుని లేస్తే ఒకటి, ఆ తర్వాత రెండు పోరాటాలకొకటి. ఆ కాస్తలో పనికొచ్చే ప్రెజెన్స్ ఏది అని జనం చేసే చర్చ చూస్తే నాకు ఆశ్చర్యం. ప్రతి టర్న్‌లోనూ వాడేవి అట్-విల్ పవర్లు. ముందు వాటిని ఎంచుకుని, అంకెలు వాటికి తగ్గట్టు పేర్చుకోవాలి.

థావాకి నేను పెట్టింది స్ట్రెంగ్త్ 18, కాన్‌స్టిట్యూషన్ 14, ఇంటెలిజెన్స్ 14, కరిజ్మా 14, విజ్‌డమ్ 11, డెక్స్‌టెరిటీ 8. జాతి కలిపే రెండేసి కూడా చేర్చిన అంకెలివి, ఖర్చు సరిగ్గా 22 పాయింట్లు. డెక్స్‌టెరిటీ 8 చూసి ఆట నడిపించే మా డీఎం కనుబొమ్మలెగరేశారు గానీ దానివల్ల నష్టం దాదాపు లేదు. చెయిన్‌మెయిల్ బరువు కవచం కాబట్టి డెక్స్‌టెరిటీ దాని లెక్కలోకి రాదు. చిన్న డాలు కలుపుకుంటే మొదటి లెవెల్‌లోనే ఏసీ (దెబ్బ తగలకుండా కాచే అంకె) 17. దాడిని తప్పించుకునే రిఫ్లెక్స్ డిఫెన్స్‌కి డెక్స్‌టెరిటీ, ఇంటెలిజెన్స్‌లలో ఏది ఎక్కువైతే అదే లెక్క, అక్కడ 14 కాపాడుతుంది. ఎవరు ముందు కదలాలో తేల్చే ఇనిషియేటివ్‌లో పోయే ఒకటిని కంబాట్ లీడర్ అనే వార్‌లార్డ్ లక్షణం ఇచ్చే రెండు పూడ్చేస్తుంది. ఆ రెండు మనకే కాక, పది గళ్ళలోపు మనల్ని చూస్తూ వింటూ ఉన్న స్నేహితులందరికీ వస్తుంది. రోజూ కనిపించదు కాబట్టి దీని గురించి ఎవరూ మాట్లాడరు. శత్రువు కంటే ముందు పార్టీ మొత్తం కదిలిన రోజున దాని విలువ తెలుస్తుంది.

ఇంటెలిజెన్స్ 14 దగ్గరే ఎందుకు ఆపానంటే, ఇంకో ప్రెజెన్స్ అయిన టాక్టికల్ ప్రెజెన్స్, యాక్షన్ పాయింట్‌తో కొట్టే స్నేహితుడి గురికి ఇచ్చేది ఇంటెలిజెన్స్ మాడిఫయర్‌లో సగం. మాడిఫయర్ 14కి రెండు, 16కి మూడు, 18కి నాలుగు, సగంలో భిన్నం పోతుంది. 14కీ ఒకటే, 16కీ ఒకటే. రెండు కావాలంటే 18 కావాలి, అది డ్రాగన్‌బోర్న్‌కి అందని ఖరీదు.

ఇక అట్-విల్ పవర్లు. ఈ క్లాసు గురించి ఎవరు మాట్లాడినా ముందు చెప్పేది కమాండర్స్ స్ట్రైక్ గురించే. మన టర్న్‌లో మనం కొట్టం, మనం ఎంచుకున్న స్నేహితుడు మన కత్తి అందే దూరంలో ఉన్న శత్రువుని తన మామూలు మెలీ (చేతికందే దూరపు) దెబ్బతో కొడతాడు. తగిలితే డ్యామేజ్‌కి మన ఇంటెలిజెన్స్ కలుస్తుంది. థావా లాంగ్‌స్వోర్డ్‌తో తానే కొడితే సగటున 8.5. అదే స్ట్రెంగ్త్ 18 ఉన్న మా ఫైటర్ చేత గ్రేట్ యాక్స్‌తో కొట్టిస్తే 12.5. ఆ దెబ్బతో పాటు ఫైటర్ ఆ శత్రువుని మార్క్ కూడా చేసేస్తాడు, అంటే వాడు ఇంకెవరి మీదికి పోయినా గురి పాచికలో రెండు తగ్గుతుంది. ఒక్క మాటతో రెండు పనులు.

ఇదే పవర్‌ని మా టైఫ్లింగ్ (నరకపు రక్తం కలిసిన జాతి) రోగ్ (చాటుగా కొట్టే క్లాసు) మీద వాడితే తేలిపోయింది. రోగ్ పవర్లన్నీ డెక్స్‌టెరిటీతో నడుస్తాయి, మామూలు మెలీ దెబ్బ మాత్రం స్ట్రెంగ్త్‌తో. బలహీనమైన చేత్తో కత్తి విసిరినట్టే ఉండేది. 2009లో ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ రెండో భాగం మెలీ ట్రెయినింగ్ అనే ఫీట్ (పాత్ర ఎంచుకునే అదనపు నేర్పు) తెచ్చాక ఆ లోటు తీరింది. ఆ ఫీట్ రోగ్ ఆడే అమ్మాయి తీసుకోవాలి, లాభం నాకు. ఇలాంటి బేరాలు కుదరాలంటే సెషన్‌కి ముందు నలుగురూ కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. మంత్రాలు వేసే విజార్డుల సంగతైతే ఇంకా తేలిక: వాళ్ళ మ్యాజిక్ మిస్సైల్ దూరపు బేసిక్ దెబ్బ కింద లెక్క, కమాండర్స్ స్ట్రైక్ మెలీ అడుగుతుంది. కాబట్టి పార్టీలో సగం మంది వెనక నిలబడేవాళ్ళయితే ఈ పవర్ దండగ.

రెండో అట్-విల్‌గా నేను తీసుకున్నది వుల్ఫ్ ప్యాక్ టాక్టిక్స్. కొట్టే ముందు, మనకో శత్రువుకో ఆనుకుని ఉన్న స్నేహితుడు ఒక గడి జరగొచ్చు. పేరుకి ఒక్క గడే. ఆ ఒక్క గడితోనే రోగ్ శత్రువు వెనక్కి చేరి స్నీక్ అటాక్ కొడుతుంది, దెబ్బలు తిన్న క్లెరిక్ (దేవుడి శక్తితో వైద్యం చేసే క్లాసు) బయటపడతాడు. గళ్ళ కాగితం మీద మినీలు (చిన్న బొమ్మలు) లేకపోతే సీసా మూతలు పెట్టుకుని ఆడినా సరే, ఈ ఎడిషన్‌లో గళ్ళు మాత్రం ఉండాలి. ఊహలోనే ఆడేద్దాం అనుకునే గుంపులో వార్‌లార్డ్ సగం చచ్చిపోతాడు.

ఇప్పుడు డ్రాగన్ బ్రెత్. ఈ జాతిని ఎంచుకునేది దీనికోసమే. పోరాటానికి ఒకసారి, మైనర్ యాక్షన్‌తో (టర్న్‌లో చేసే చిన్న పని), మూడు గళ్ళ పొడవు మూడు గళ్ళ వెడల్పున ఊదొచ్చు. థావాకి రిఫ్లెక్స్ మీద +6, డ్యామేజ్ 1డీ6 (ఆరు ముఖాల పాచిక ఒకటి) మీద రెండు. అంకెలు చూసి పెదవి విరవకండి. మినియన్లనే చిల్లర శత్రువులకి ఉండేది ఒక్క హిట్ పాయింట్, ఒక్క ఊదుతో ముగ్గురు నలుగురు రాలిపోతారు, దెబ్బ కొట్టే స్టాండర్డ్ యాక్షన్ ఇంకా చేతిలోనే ఉంటుంది. మొదటి లెవెల్‌లో ఇంతకంటే సంతోషం కలిగించే టర్న్ నేను చూడలేదు.

కానీ రూల్‌లో రాసింది ఆ జాగాలో ఉన్న ‘అందరూ’ అని, ‘శత్రువులు’ అని కాదు. సేనాని ఉండేది స్నేహితుల మధ్య. పైగా ఫ్లాంక్ చేయాలంటే (ఇద్దరూ చెరో పక్క నుంచి శత్రువుని ఇరికించాలంటే) రోగ్ సరిగ్గా శత్రువుకి అవతలి పక్కన నిలబడాలి, అంటే మన నోటికి ఎదురుగా. ఇక్కడ ఏ రకం బ్రెత్ అన్నది పెద్ద ప్రశ్న. యాసిడ్, చలి, నిప్పు, మెరుపు, విషం, ఈ ఐదింటిలో ఒకటి మొదట్లోనే ఎంచుకోవాలి. విషం వద్దని అందరూ చెబుతారు, నేనూ అదే అంటాను. చచ్చి లేచినవాళ్ళ దగ్గర అది తరచుగా పనిచేయదు. నిప్పు కూడా మామూలుగా అంత మంచి ఎంపిక కాదు, తట్టుకునే శత్రువులు చాలామంది. అయినా నేను నిప్పే తీసుకున్నాను. కారణం మా రోగ్ టైఫ్లింగ్ కావడం. టైఫ్లింగ్‌లకి పుట్టుకతోనే నిప్పు నిరోధం, లెవెల్‌లో సగానికి ఐదు కలిపినంత. మొదటి లెవెల్‌లో నా ఊపిరి ఆమెకి తగిలినా సగం సార్లు సున్నా, ఎంత గట్టిగా తగిలినా మూడే. పదకొండో లెవెల్‌లో నా సగటు డ్యామేజ్ 9, ఆమె నిరోధం 10. వేరే రకం తీసుకుని ఉంటే ఆ ఊపిరి చాలా పోరాటాల్లో లోపలే ఉండిపోయేది.

దీనివల్ల కథ కూడా దానంతట అదే వచ్చింది. నాలుగో ఎడిషన్ పురాణంలో డ్రాగన్‌బోర్న్‌ల సామ్రాజ్యం ఆర్ఖోసియా, టైఫ్లింగ్‌ల పూర్వీకులది బేల్ టూరాత్. రెండూ ఒకదాన్నొకటి నాశనం చేసుకుని మట్టిలో కలిశాయి. అంటే డ్రాగన్‌బోర్న్ సేనాని ఎప్పుడూ సైన్యం లేని సేనానే. ఇంకా కోట, వెయ్యిమంది భటులు, సింహాసనం అంటూ మొదటి లెవెల్ వాడికి రెండు పేజీల చరిత్ర రాసుకునేవాళ్ళని చూస్తుంటాను. అవన్నీ బల్ల మీదికి వచ్చేసరికి ఎక్కడా అతకవు. ఓడిన సామ్రాజ్యపు యుద్ధవిద్య కంఠతా వచ్చి, నడిపించడానికి నలుగురే మిగిలిన మనిషి అనుకోండి, రూల్స్‌కీ సరిపోతుంది, ఆడడానికీ బాగుంటుంది. తన మంటలో నిలబడగలిగేది పాత శత్రువుల బిడ్డ ఒక్కతే అన్న సంగతి మేము ఎక్కడా రాసుకోలేదు, ఆటలోనే బయటపడింది. హిస్టరీ స్కిల్‌కి ఈ జాతి ఇచ్చే రెండు కూడా ఇక్కడే బాగా ఉపయోగపడింది.

ఈ జాతికున్న డ్రాగన్‌బోర్న్ ఫ్యూరీ గురించి రెండు మాటలు చాలు. హిట్ పాయింట్లు సగానికి పడిపోతే గురి పాచికకి ఒకటి కలుస్తుంది. బాగుంది గానీ, దానికోసం వైద్యం వాయిదా వేసే సేనాని పడిపోతే పార్టీ అంతా పడిపోతుంది.

వైద్యం అంటే ఇన్‌స్పైరింగ్ వర్డ్. పోరాటానికి రెండుసార్లు, మైనర్ యాక్షన్‌తో ఒక కేక వేస్తే స్నేహితుడు సర్జ్ ఖర్చు పెట్టి, పైన 1డీ6 కలుపుకుని లేస్తాడు. మంత్రం లేకుండా అరిస్తే గాయాలెలా మానతాయని ఈ క్లాసు వచ్చినప్పటి నుంచీ గొడవే. హిట్ పాయింట్లంటే ఒంట్లోని రక్తమే కాదు, పట్టుదల, ఊపిరి, ఆశ కూడా అనుకుంటే నాకైతే ఇబ్బంది లేదు. స్పృహ తప్పినవాడికి ఎలా వినబడిందని మా గుంపులో ఒకరు ఇప్పటికీ అడుగుతారు. నా దగ్గర జవాబు లేదు, వాడు లేచాడు కదా అంటాను.

అసలు బలహీనత రూల్స్‌లో లేదు, టేబుల్ దగ్గర ఉంది. ఈ క్లాసు ఆడేవాళ్ళకి పెత్తనం అలవాటైపోతుంది. ‘నువ్వు అక్కడికి జరుగు, నువ్వు వాణ్ణి కొట్టు’ అని ప్రతి టర్న్‌లోనూ చెబుతుంటే ఎదుటివాళ్ళకి ఆట మీద మనసు పోతుంది. మా గుంపులో ఫైటర్ ఆడేది నాకంటే పెద్దాయన. యుద్ధం మధ్యలో ఆర్ఖోసియా సేనాని గర్జించి ‘అన్నా, ఒక దెబ్బ ఇస్తాను, తీసుకుంటావా?’ అని అడిగేది. నవ్వొచ్చినా, ఆ అడగడమే సరైన పద్ధతి. పవర్ల మాటల్లో కూడా చాలాచోట్ల స్నేహితుడు ‘చేయొచ్చు’ అనే ఉంటుంది. ఇంకో ఇబ్బంది, ఒకరి టర్న్‌లో ఇంకొకరు డైస్ వేయడం వల్ల అసలే పొడుగైన నాలుగో ఎడిషన్ పోరాటాలు ఇంకా సాగుతాయి. బేసిక్ దెబ్బ అంకెలు అందరూ చిన్న చీటీ మీద రాసి ముందు పెట్టుకుంటే కొంత నయం.

ఐదో ఎడిషన్‌లోకి తెచ్చాక థావా సగమే మిగిలింది. 2014 పుస్తకంలో వార్‌లార్డ్ క్లాసే లేదు. దగ్గరగా ఉన్నది బ్యాటిల్ మాస్టర్ ఫైటర్. కమాండర్స్ స్ట్రైక్ అక్కడ ఒక మెన్యూవర్ (ప్రత్యేకమైన ఎత్తు), దానికి మన దెబ్బ ఒకటి, బోనస్ యాక్షన్, అలాంటి ఎత్తులకే వాడే సుపీరియారిటీ డై అనే పాచిక ఒకటి ఖర్చు. పైగా స్నేహితుడి రియాక్షన్ (ఇతరుల టర్న్‌లో వాడుకునే అవకాశం) కూడా పోతుంది. మొదట్లో ఆ డైస్ నాలుగే. ప్రతి టర్న్‌లో చేసిన పని అపురూపమైపోయింది. బ్రెత్ అయితే యాక్షన్ మొత్తం మింగేసేది. 2021లో వచ్చిన డ్రాగన్ల పుస్తకం దాన్ని సరిచేసింది: యాక్షన్ అంతా పోకుండా, ఒక దెబ్బ బదులు ఊదొచ్చు. 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అదే పద్ధతి ఉంచి, ఐదో లెవెల్‌లో కాసేపు ఎగిరే రెక్కలు కూడా ఇచ్చింది. డ్రాగన్‌గా ఉండడానికి 2024 రూల్స్ మేలు, సేనానిగా ఉండడానికి నాలుగో ఎడిషన్ మేలు. రెండూ ఒకచోట ఇంకా దొరకలేదు.

మీ పార్టీలో ఎదురుగా నిలబడి కొట్టేవాళ్ళు కనీసం ఇద్దరు ఉండి, వాళ్ళలో ఒకరికి పెద్ద ఆయుధం ఉంటే ధైర్యంగా తీసుకోండి. ఒక్కరే ఉంటే కమాండర్స్ స్ట్రైక్ వదిలేసి, కరిజ్మా పెంచి, స్నేహితుడి తర్వాతి దెబ్బకి కరిజ్మా కలిపే ఫ్యూరియస్ స్మాష్ వైపు వెళ్ళండి. ఎవరూ లేకపోతే క్లెరిక్ ఆడండి, డ్రాగన్‌బోర్న్ క్లెరిక్ కూడా బాగానే ఉంటుంది.