హాస్టల్ గదికి తోడు: తెలిసిన మిత్రుడా, కొత్త మనిషా?

ఇంజినీరింగ్ సీటు ఖరారు కాగానే వాట్సాప్ గ్రూపుల్లో రూమ్మేట్ కోసం వెతుకులాట మొదలవుతుంది. ఇంటర్‌లో కలిసి చదివినవారితోనో, సొంత జిల్లావారితోనో మాట్లాడుకుని వార్డెన్‌ను ఒకే గది అడగడం ఒక పద్ధతి. కళాశాల ఎవరిని కేటాయిస్తే వారితో ఉండటం రెండో పద్ధతి. మొదటి సంవత్సరానికి మాత్రం రెండోదే మేలని నా అభిప్రాయం.

తెలిసినవారితో ఉండటంలోని సుఖాన్ని తీసిపారేయలేము. ఇంటిమీద బెంగతో నిద్ర పట్టని రాత్రుల్లో మన యాసలో మాట్లాడే మనిషి పక్క మంచం మీద ఉండటం, జ్వరమొస్తే మన ఇంటికి ఫోన్ చేసి చెప్పగలగడం తల్లిదండ్రులకు కూడా ధైర్యాన్నిస్తాయి. అయితే అలాంటి ఇద్దరు తరగతికీ మెస్‌కూ కలిసే తిరుగుతూ, మూడో మనిషితో పరిచయమే అక్కర లేకుండా ఒక సెమిస్టరు గడిపేయగలరు. పైగా పాత స్నేహంలో మొహమాటం ఎక్కువ. అర్ధరాత్రి దాకా స్పీకర్ పెట్టి మాట్లాడవద్దని కొత్తవారికి చెప్పినంత సులువుగా చిన్ననాటి మిత్రుడికి చెప్పలేము. చెప్పకుండా దాచుకున్న విసుగు ఏదో ఒక పరీక్షల ముందు బయటపడి, గదితో పాటు స్నేహాన్నీ చెడగొడుతుంది.

కొత్త మనిషి విషయంలో మన పిల్లలకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలల్లో రెండేళ్లు పదిమందితో కలిసి పడుకున్నవారికి సర్దుకుపోవడం బాగా తెలుసునని మనం అనుకుంటాము. కానీ లైటు ఎప్పుడు ఆర్పాలో, ఎప్పుడు చదవాలో అక్కడ స్టడీ అవర్లూ వార్డెనూ నిర్ణయించారు కనుక, ఇద్దరు కూర్చుని ఒక మాట మీదకు రావడం వారికి ఇంజినీరింగ్ గదిలోనే మొదటిసారి ఎదురవుతుంది. అందువల్ల లైటు, అలారం, గదికి వచ్చిపోయే మిత్రులు, అడగకుండా వాడుకోదగిన వస్తువులు, ఈ నాలుగు విషయాలైనా మొదటి వారంలోనే పైకి మాట్లాడుకోవాలి. లేకపోతే ఈ పద్ధతిని నేను సిఫారసు చేయను.

మాట్లాడుకుంటే లాభం పెద్దదే. జాతీయ సాంకేతిక సంస్థల్లో (ఎన్‌ఐటీల్లో) సగం సీట్లు సొంత రాష్ట్రానికి, సగం ఇతర రాష్ట్రాలకు పోతాయి కనుక వరంగల్ ఎన్‌ఐటీలో చేరిన కరీంనగర్ అమ్మాయికి బీహార్ అమ్మాయి రూమ్మేట్ కావచ్చు. ఛఠ్ పండుగకు ఇంటికి వెళ్లలేక ఆమె ముభావంగా ఉన్న రోజున కారణం అడిగి తెలుసుకుంటే, ఒక మనిషినీ ఒక ప్రాంతాన్నీ ఒకేసారి తెలుసుకున్నట్టవుతుంది. ఆవకాయ సీసా మూత తీశాక పరిచయం ఇంకా త్వరగా పెరుగుతుందన్నది వేరే సంగతి.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం 2018లో చేరినవారితో మొదలుపెట్టి, మొదటి సంవత్సరం విద్యార్థులు రూమ్మేట్లను తామే ఎంచుకునే పద్ధతికి స్వస్తి చెప్పింది. ముందే ఆన్‌లైన్‌లో పరిచయం చేసుకుని తమలాంటివారినే ఎంచుకోవడం పెరిగిందన్నది వారి కారణం. ప్రశ్నావళితో జత కలిపే మూడో పద్ధతి కూడా కొన్నిచోట్ల ఉంది. అది నిద్రవేళల గొడవలను కొంత తగ్గించవచ్చు గానీ, పద్దెనిమిదేళ్లవారు అందులో రాసేది తమ అలవాట్లకన్నా అమ్మకు నచ్చే అలవాట్లనేనని నా అనుమానం.

ఎంఎస్ కోసం విదేశానికి వెళ్లేవారికి మాత్రం నా సలహా తలకిందులవుతుంది. అక్కడ చాలామంది విశ్వవిద్యాలయం బయట ఇల్లు అద్దెకు తీసుకుంటారు. లీజు మీద అందరి సంతకాలూ ఉన్నప్పుడు ఒకరు మధ్యలో వెళ్లిపోతే వారి వాటా మిగిలినవారి మీద పడవచ్చు. వంట వంతులూ అద్దె వాటాలూ కలిసిన ఇంట్లో మాట మీద నిలబడతారని ముందే తెలిసినవారే మేలు, వారు మన జిల్లావారు కాకపోయినా సరే.