పదమూడేళ్లుగా మన హాకీ జట్టు గురించి రాసుకుంటున్నాను: ఆ అలవాటుపై నా సమీక్ష

2012 ఆగస్టు 11న లండన్ ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికా చేతిలో 2-3తో ఓడి భారత హాకీ జట్టు పన్నెండో స్థానంలో, అంటే అట్టడుగున నిలిచింది. ఆడిన ఆరు మ్యాచ్‌లూ ఓటములే. ఆ సాయంత్రం మా అమ్మాయి బడికోసం కొని ఉంచిన 200 పేజీల నోటుపుస్తకం ఒకటి తీసి, మొదటి పేజీలో ఆరు స్కోర్లూ వరుసగా రాశాను. నెదర్లాండ్స్ 2-3, న్యూజీలాండ్ 1-3, జర్మనీ 2-5, కొరియా 1-4, బెల్జియం 0-3, చివరికి ఇది. కింద ఒకే ఒక ప్రశ్న రాశాను: "ఎందుకు?"

ఇప్పుడు ఏడో పుస్తకం నడుస్తోంది. అభిమానులు తమ జట్టు గురించి ఎందుకు రాస్తారని నన్ను చాలామంది అడిగారు. గెలుపు సంబరం పంచుకోవడానికని అనుకుంటారు. నా వరకు అది నిజం కాదు. గెలిచిన రోజు అందరూ రాస్తారు. ఓడిన రోజు మన జట్టు ఎలా ఓడిందో రాసేవాళ్లు ఉండరు. మర్నాటి పత్రికలో మూలన నాలుగు పంక్తులు వస్తాయి, అందులో రెండు స్కోరుకే సరిపోతాయి. అప్పటి లెక్కన డెబ్బై నిమిషాలు పరుగెత్తిన పదహారు మంది కష్టం నాలుగు పంక్తుల్లో పడుకోవడం నాకు నచ్చలేదు.

ఇంకో కారణం మా నాన్న. సికింద్రాబాద్ మట్టి మైదానాల్లో ఆయన కుర్రతనంలో హాకీ ఆడారు, తరువాత జీవితమంతా చూశారు. 1975లో కౌలాలంపూర్‌లో పాకిస్తాన్‌ను 2-1తో ఓడించి ప్రపంచ కప్ గెలిచిన కథ ఇంట్లో వందసార్లు విన్నాను, అది పుస్తకాల్లోనూ ఉంది. కానీ ఆయన కళ్లారా చూసిన ఊరి టోర్నమెంట్ల ఆటలు, ఎవరు ఏ మూల నుంచి ఎలా కొట్టారో చేతులతో చూపిస్తూ చెప్పిన ఆటలు, ఆయనతోనే వెళ్లిపోయాయి. నేను ఒక్కటి కూడా రాసుకోలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇక వాడకం సంగతి. నా పద్ధతి చాలా మామూలుది. ఒక్కో మ్యాచ్‌కు ఎదురెదురుగా ఉన్న రెండు పేజీలు. ఎడమ పేజీలో గోల్ ముందు ఉండే అర్ధవలయం, ఆటగాళ్లంతా 'డి' అనే ఆ గీతను, ఒక స్టీలు గిన్నె మూత బోర్లించి గీస్తాను. పెనాల్టీ కార్నర్, అంటే 'డి' లోపల తప్పు చేస్తే ఎదుటి జట్టుకు దక్కే అవకాశం, వచ్చిన ప్రతిసారీ ఒక నిలువు గీత. ఏ గోల్ పడినా ఒక చుక్క, కార్నర్‌లో వచ్చిన గోల్ అయితే ఆ గీత మీదే. కుడి పేజీ మాటలకు. నల్ల సిరా మనవాళ్లకు, నీలం ఎదుటివాళ్లకు. ఖర్చు అంటూ చెప్పుకోవలసింది ఏమీ లేదు.

ఈ అలవాటు ఇచ్చిన అతి పెద్ద లాభం, నా చూపును మార్చడం. మొదటి ఏడాది నేను రాసినవన్నీ బంతి చుట్టూ తిరిగే మాటలే: పాస్ బాగుంది, షాట్ బయటికి పోయింది, గోల్‌కీపర్ ఆపాడు. రెండో ఏడాది ఒకరోజు పెనాల్టీ కార్నర్ బొమ్మ గీస్తూ ఆగిపోయాను. కాపాడే జట్టులో గోల్‌కీపర్ కాక నలుగురు గోల్ గీత వెనక నిలబడతారు, మిగతావాళ్లు మైదానం మధ్య గీత అవతలికి వెళ్లాలి. బంతి లోపలికి రాగానే ఆ నలుగురిలో ఒకడు ముఖానికి మాస్కు కట్టుకుని, నేరుగా ఫ్లిక్ చేసేవాడి, అంటే బంతిని బాదకుండా స్టిక్కుతో విసిరేవాడి, మీదికి పరుగెత్తుతాడు. అతడు ఎటు వంగి వెళ్లాడో నాకు గుర్తు లేదు. గుర్తు లేదని కాదు, అసలు చూడలేదు. గీయబోతే తెలిసింది.

అప్పటి నుంచి బంతిని వదిలేసి అతడినే చూడటం మొదలుపెట్టాను. మొదటి రన్నర్ అంటారు. ఫ్లిక్ చేసేవాడి ఒక వైపును అతడు తన శరీరంతో మూసేస్తాడు, తెరిచి ఉన్న రెండో వైపును గోల్‌కీపర్ చూసుకుంటాడు. ఇద్దరి మధ్య ఒప్పందం అది. అతడు అర అడుగు ఆలస్యమైతే గోల్‌కీపర్‌కు రెండు వైపులూ తెరుచుకుంటాయి, కానీ తిట్లు గోల్‌కీపర్‌కే పడతాయి. 'డి' అంచు నుంచి బంతిని స్టిక్కుతో ఈడ్చి విసిరే డ్రాగ్ ఫ్లిక్‌కు ఎదురు పరుగెత్తడం ఎంత ధైర్యమో ఒకసారి దగ్గరగా చూస్తే తెలుస్తుంది. బాదిన మొదటి షాట్ అయితే గోల్ గీత దాటేటప్పుడు గోల్ అడుగున ఉండే పలక ఎత్తు, 46 సెంటీమీటర్లు, మించకూడదు. ఫ్లిక్‌కు ఆ హద్దు లేదు. మోకాలికి, తొడకు, ఛాతీకి ఎక్కడికైనా రావచ్చు. ఇంత పని చేసే మనిషి పేరు స్కోరుకార్డులో ఎక్కడా ఉండదు. నా కుడి పేజీలో మాత్రం ప్రతి మ్యాచ్‌కూ ఉంటుంది. ఈ అలవాటులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

లోపం చెప్పకపోతే ఇది సమీక్ష కాదు. 2016 రియోలో జర్మనీతో మ్యాచ్. 1-1తో సమంగా ఉంది, చివరి నిమిషం. డ్రా ఖాయమనుకుని తల వంచి "చక్కగా నిలబడ్డారు" అని రాయడం మొదలుపెట్టాను. ఇంట్లోవాళ్ల కేక విని తలెత్తేసరికి జర్మన్లు ఒకరి మీద ఒకరు పడి సంతోషిస్తున్నారు. హూటర్‌కు మూడు సెకన్ల ముందు గోల్. నాలుగేళ్లు ఎదురుచూసిన ఒలింపిక్స్‌లో ఆ క్షణాన్ని నేను కాగితం చూస్తూ పోగొట్టుకున్నాను. "చక్కగా ని" దగ్గర ఆగిన ఆ అక్షరాలను కొట్టివేయలేదు, అలాగే ఉంచాను. ఆ రోజు నుంచి హూటర్ మోగేదాకా మాటలు రాయను. గీతలు మాత్రమే, అవీ చూడకుండానే. కొత్తగా రాయాలనుకునేవారికి నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే.

రెండో లోపం ఇంకా పెద్దది. మహిళల జట్టు 36 ఏళ్ల తరువాత ఒలింపిక్స్‌కు వెళ్లింది కూడా ఆ రియోకే. నా పుస్తకంలో ఒక్క పేజీ లేదు. చిత్తూరు జిల్లా నుంచి వెళ్లి దేశం తరఫున గోల్ కాసిన ఇ. రజని గురించి కూడా నేను రాయలేదంటే, నన్ను నేను హాకీ అభిమానినని ఎలా చెప్పుకోవాలి? టోక్యోలో కళ్లు తెరుచుకున్నాయి. మొదటి మూడు మ్యాచ్‌లు ఓడిన అమ్మాయిలు, క్వార్టర్‌ఫైనల్లో ఆస్ట్రేలియాను 1-0తో ఆపారు. కాంస్యం కోసం బ్రిటన్‌తో ఆడుతూ 0-2 వెనకబడి, విరామానికి ముందే 3-2కు వచ్చి, చివరికి 3-4తో ఓడారు. ఆ ఓటమితో నా రెండో పుస్తకాల వరుస మొదలైంది. వాళ్లది వేరే అట్ట, వేరే అర.

టోక్యో పురుషుల పేజీల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ అలవాటు విలువ నాకు పూర్తిగా అర్థమైంది అక్కడే. 2021 జులై 25, ఆస్ట్రేలియా చేతిలో 1-7. ఆ రోజు కుడి పేజీ దాదాపు ఖాళీ. "లండన్ మళ్లీ వచ్చింది" అని ఒక్క వాక్యం. రెండు రోజుల తరువాత స్పెయిన్‌ను 3-0తో గెలిచినప్పుడు, ఆ వాక్యం పక్కనే "రాలేదు" అని రాసుకున్నాను. సెమీఫైనల్లో బెల్జియం మీద మూడో క్వార్టర్ దాకా 2-2. ఎడమ పేజీలో వాళ్ల నీలం గీతలు చూస్తే కథంతా తెలుస్తుంది: 14 పెనాల్టీ కార్నర్లు. చివరికి 2-5. ఆ రాత్రి వార్తల్లో "ఆఖర్లో కుప్పకూలారు" అన్నారు. నా పేజీ అలా అనలేదు. 'డి' లోపల పదే పదే తప్పు చేసి అన్ని కార్నర్లు ఇస్తే ఏ జట్టైనా అలసిపోతుంది. కారణం కాళ్లలో కాదు, అడ్డుకునే తీరులో ఉంది. గీతలు లెక్కపెట్టకపోతే నేనూ వార్తల మాటే నమ్మేవాణ్ణి.

ఇక ఆగస్టు 5. ఉదయం ఏడు గంటలు. జర్మనీ 3, మనం 1. నేను అప్పటికే కాంస్యం మీద ఆశ వదులుకున్నాను. అప్పుడు 27వ నిమిషంలో హార్దిక్, 29లో హర్మన్‌ప్రీత్, విరామం అవగానే 31లో రూపిందర్ పాల్, 34లో సిమ్రన్‌జీత్. ఆట గడియారంలో ఏడు నిమిషాలు, నాలుగు గోల్స్. నల్ల చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి కాగితం చిరిగిన చోటు ఇప్పటికీ వేలికి తగులుతుంది. ఆఖరున 5-4తో ముందున్నప్పుడు, 6.8 సెకన్లు మిగిలి ఉండగా జర్మనీకి పెనాల్టీ కార్నర్. నేను బంతిని చూడలేదు. అలవాటు ప్రకారం రన్నర్‌నే చూశాను. మన గోల్‌కీపర్ శ్రీజేష్ ఆపాడని మా ఇంటి గోలను బట్టి తెలుసుకున్నాను. 41 ఏళ్ల తరువాత పతకం. నాన్న లేరు. ఆ పేజీ పైన ఆయన పేరు రాశాను, ఇంకేమీ రాయలేదు.

మధ్యలో కొన్ని పేజీలు చప్పగా ఉంటాయని ఒప్పుకోవాలి. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో హైదరాబాద్ తూఫాన్స్ హాకీ ఇండియా లీగ్ ఫైనల్లో బెంగాల్ టైగర్స్ చేతిలో 3-4తో ఓడింది. మన ఊరి పేరున్న జట్టు కాబట్టి ఆ సీజనంతా శ్రద్ధగా రాశాను. కానీ ఆటలన్నీ ఎక్కడో జరిగాయి, ఆటగాళ్లు వేలంలో వచ్చి కలిసినవాళ్లు. బార్సిలోనా నుంచి సిడ్నీ దాకా మూడు ఒలింపిక్స్ ఆడిన ముకేశ్ కుమార్ లాంటివాడిని ఇచ్చిన ఊరది. ఆ ఊళ్లోనే సొంత మైదానంలో ఆ జట్టు ఆడిన రోజున నా పేజీలు వేరుగా ఉంటాయి.

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. కోపంలో రాసినది మర్నాడు మళ్లీ చదవాలి. ఒక కుర్ర డిఫెండర్ గురించి ఒకసారి చాలా కఠినంగా రాశాను, ఇతడు ఈ స్థాయికి తగడని తీర్పు ఇచ్చేశాను. తరువాత అతడి ఆట ఏడాదికేడాది పెరగడం నా పుస్తకాల్లోనే కనిపిస్తుంది. పేరు ఇక్కడ రాయను. కానీ నా తప్పు నా చేతిరాతలోనే ఉండటం మంచిదైంది. ఇప్పుడు ఏ ఆటగాడి గురించైనా తీర్పు చెప్పే ముందు అతడి గురించి కనీసం పది పేజీలు రాసి ఉండాలని నియమం పెట్టుకున్నాను.

నేను ఈ అలవాటుకు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర తగ్గించింది రియోలో పోగొట్టుకున్న మూడు సెకన్లకు.

మళ్లీ తెరిచి చూసే పేజీ ఏదని అడిగితే 2024 ఆగస్టు 4, పారిస్ క్వార్టర్‌ఫైనల్. 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్‌కు ఎర్ర కార్డు. మిగతా 43 నిమిషాలు పదిమందే బ్రిటన్‌ను 1-1 దగ్గర ఆపి, షూటౌట్‌లో 4-2తో గెలిచారు. అందరూ పదకొండో మనిషి లేడని బాధపడ్డారు. నా బాధ వేరు: వెళ్లిపోయింది మన మొదటి రన్నర్. ఆ రోజు ప్రతి నీలం గీత పక్కనా "ఎవరు పరుగెత్తారు?" అని రాసి ఉంది. సెమీఫైనల్లోనూ అతడు లేడు, జర్మనీ చేతిలో 2-3తో ఓడాం. స్పెయిన్‌ను 2-1తో గెలిచి కాంస్యం తెచ్చుకున్న రోజు అతడు తిరిగి వచ్చాడు, శ్రీజేష్ ఆటకు వీడ్కోలు చెప్పాడు.

2025 సెప్టెంబరు 7న రాజ్‌గిర్‌లో ఆసియా కప్ ఫైనల్. కొరియా మీద 4-1. కాలేజీ సెలవుల్లో ఇంటికొచ్చిన మా అమ్మాయి గిన్నె మూత తెచ్చి తనే 'డి' గీసింది, గీతలూ తనే పెట్టింది. నేను చాలా రోజుల తరువాత రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని మ్యాచ్ చూశాను. హూటర్ తరువాత పుస్తకం నా వైపు తిప్పింది. నాలుగో నల్ల చుక్క పక్కన తన చిన్న అక్షరాలు: "50వ నిమిషం, పెనాల్టీ కార్నర్, రోహిదాస్. నాన్నా, పరుగెత్తేవాడే కొట్టాడు."