వీపు కొలతకు సంచి: కర్నూలు పాతబస్తీలోని ఒక చిన్న దుకాణం

పదో తరగతి పరీక్షలు ముగిసిన మా అమ్మాయితో కలిసి మే నెలలో 24 రోజులు హిమాచల్‌ప్రదేశ్‌లో వీపున సంచులు వేసుకుని తిరగాలని నిశ్చయించుకున్నప్పుడు, అన్నిటికంటే తేలిగ్గా తెమిలే పని సంచులు కొనడమే అనుకున్నాను. తీరా చూస్తే రైలు టికెట్లే తేలిగ్గా తెమిలాయి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకోగానే, కర్నూలులో ఆగే ఏపీ సంపర్క్ క్రాంతిలో నిజాముద్దీన్ దాకా రెండు బెర్తులు దొరికాయి. పన్నెండేళ్లు నిండినవారికి రైల్వే సగం టికెట్ ఇవ్వదు కనుక ఆ లెక్కలోనూ తికమక లేదు. చిక్కంతా సంచి దగ్గరే వచ్చింది.

ఆన్‌లైన్‌లో 2,900 రూపాయలకు తెప్పించిన 45 లీటర్ల సంచి చూపులకు బాగానే ఉంది. దుప్పట్లు కుక్కి అమ్మాయికి తగిలిస్తే మాత్రం నడుము పట్టీ తొడల మీదికి జారింది. బరువంతా భుజాలకు వేలాడడంతో పిల్ల మెడ ముందుకు చాచి నడవసాగింది. అమ్మినవారి పట్టికలో లీటర్లు, రంగులు, జేబుల సంఖ్య అన్నీ ఉన్నాయి, వీపు పొడవు తప్ప. పరీక్షల హడావుడిలో సంచి విప్పి చూడడమే ఆలస్యమైంది, వెనక్కి పంపే గడువు కాస్తా దాటిపోయింది.

సంచిని బాగుచేయించుకోవచ్చని మా పక్కింటివారు చెబితే, కొండారెడ్డి బురుజు దగ్గర దిగి పాతబస్తీ సందుల్లోకి నడిచాము. ఒక నులకమంచం వేస్తే నిండిపోయేంత దుకాణం. లోపల రెండు కుట్టు మిషన్లు, గోడకు వేలాడే బడిసంచులు, డబ్బాల నిండా జిప్పు రన్నర్లు, బకిళ్లు. దుకాణం నడిపే పెద్దాయనను అక్కడ అందరూ చాచా అనే పిలుస్తారు. ఆయన మా సంచిని పక్కకు జరిపి, ముందుగా అమ్మాయిని నిటారుగా నిలబడమన్నారు. టేపు నా చేతికే ఇచ్చి, తల వంచినప్పుడు మెడ కింద పొడుచుకువచ్చే ఎముక మొదలు, నడుముకు రెండు చేతులూ ఆనిస్తే తగిలే తుంటి ఎముకల పైఅంచు దాకా కొలవమన్నారు. 16 అంగుళాలు వచ్చింది. సంచిలో భుజం పట్టీల మొదలు నుంచి నడుము పట్టీ వరకు ఉన్న దూరం 19. “బరువు బుజాల మింద గాదు పాపా, నడుం మింద కూచోవాల,” అని ఆ మూడంగుళాల తేడాను బొటనవేలితో చూపించారు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ తరువాతి పని. పాతగుడ్డల్లో చుట్టిన తూకం రాళ్లు ఐదు కిలోలు సంచిలో వీపుకు ఆనుకునేలా పెట్టి, సందు చివరి టీ అంగడి దాకా అమ్మాయిని నడిపించారు. తిరిగి వచ్చాక ఎక్కడ నొక్కుకుందో ఆమెనే అడిగారు. నేను జవాబు చెప్పబోతే “నువ్వు ఉండమ్మా” అని ఆపారు. ఇంట్లో ప్రతి విషయానికీ “ఏమో” అనే పిల్ల, అక్కడ కుడి భుజం, ఎడమ తుంటి అని సుద్దముక్కతో గుర్తులు పెట్టించింది. ప్రయాణం గురించి నేను రాసుకున్న పట్టికలన్నింటినీ ఆమె సొంతంగా సరిదిద్దడం మొదలుపెట్టింది కూడా ఆ సాయంత్రం నుంచే.

భుజం పట్టీలను విప్పి మూడంగుళాలు కిందికి దించి, వెనుక మందపాటి నైలాన్ ముక్క వేసి, చదరంగా కుట్టి దానిలో ఇంటూ గుర్తులా మరో కుట్టు వేశారు. నడుము పట్టీలో ఇంకొక పొర ఫోమ్ పెట్టారు. మిగిలిన పట్టీని కత్తిరించకుండా లోపలికి మడిచి వదిలేశారు, పిల్ల ఇంకా పెరుగుతుంది కనుక. మొత్తం 650 రూపాయలు తీసుకున్నారు.

బరువు ఎంత ఉండాలన్నది మేము నిర్ణయించుకోవలసిన సంగతి. బడిసంచి విద్యార్థి బరువులో పదో వంతు మించరాదని 2020 నాటి కేంద్ర బడిసంచి విధానం చెబుతుంది. మా అమ్మాయి 46 కిలోలు. నడుము పట్టీ ఉన్న సంచికి ఆ హద్దును కొంత సడలించి, నీళ్లతో కలిపి ఆరు కిలోల దగ్గర ఆగాము, మిగిలింది నా వీపు మీదికి వచ్చింది. ధర్మశాలకు ఎగువన ఉన్న త్రియుండ్ 2,800 మీటర్లు దాటిన ఎత్తు, మే నెలలోనూ అక్కడ రాత్రిళ్లు చలి ఉంటుంది. కర్నూలు ఎండలో చెమటలు కారుతుండగా ఉన్ని స్వెట్టర్లు మడిచి పెట్టుకోవడం చూసి మా అత్తగారు నవ్వని రోజు లేదు.

దుకాణంలో లోపాలు లేకపోలేదు. మంగళవారం ఇస్తామన్న సంచి శనివారం చేతికి వచ్చింది, బిల్లు అడిగితే పాత అట్టముక్క మీద అంకె రాసి ఇచ్చారు. నీలం సంచికి ఎర్ర దారం వాడారు, అది అమ్మాయికి నచ్చింది గాని నాకు నచ్చలేదు. వానకు తొడుగు అడిగితే చూపించిన టార్పాలిన్ ముక్క సంచి కంటే బరువుగా తోచింది. దానికి బదులు బస్తా లోపల వేసే పెద్ద పాలిథిన్ కవరును సంచి లోపల పరిచి సామాను అందులో సర్దుకోమన్న సలహా మాత్రం చాలా మంచిది, ఖర్చు కూడా దాదాపు లేదు.

బయలుదేరేముందు పరీక్షగా అహోబిలం వెళ్లాము. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి గుడి దాకా రాళ్ల మీద ఎక్కి దిగినంతసేపూ నడుము పట్టీ కదలలేదు, కొత్త కుట్లలో ఒక్క పోగూ లేవలేదు. కాని ఒక బండ మీదికి చేతులు ఊని ఎక్కేటప్పుడు ఛాతీ పట్టీ బకిల్ పుటుక్కున విరిగింది. చాచా దానిని డబ్బులు తీసుకోకుండా మార్చి, మరో రెండు బకిళ్లు చేతిలో పెట్టారు. పట్టీ కంటే అవి కొంచెం వెడల్పు కావడంతో అరగంటకొకసారి జారిన పట్టీని లాగి బిగించుకోవలసి వస్తోంది. అన్నీ చూసుకుంటే ఐదింటికి నాలుగు చుక్కలు ఇస్తాను. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు దుకాణం మూసి ఉంటుంది. సంచి మోయవలసిన మనిషిని వెంట తీసుకువెళ్లకపోతే ఆయన పని మొదలుపెట్టరు.