60 రోజులు నిండకుండా ఇవ్వనన్నారు: కాజీపేట పామ్ కుక్కపిల్లతో నాలుగేళ్లు

మా పామ్ (పొమేరేనియన్) కుక్క బంతికి ఈ అక్టోబర్‌తో నాలుగేళ్లు నిండాయి. హనుమకొండలో మా ఇంటికి వచ్చినవాళ్లు దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకోగానే అడిగేది ఒకటే: ఎక్కడ తెచ్చారు, ఎంత పడ్డది? కాజీపేటలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంట్లో తెచ్చాం, వంశం కాగితాలు లేని పిల్లకు 14 వేలు పెట్టాం. కానీ నేను చెప్పాలనుకునేది ధర గురించి కాదు. అడిగిన రోజున ఆమె మాకు పిల్లను ఇవ్వలేదు. అప్పుడు చాలా కోపం వచ్చింది. ఇప్పుడు ఆమెకు ఎన్నిసార్లు దండం పెట్టుకున్నా తక్కువే అనిపిస్తుంది.

పామ్ ఎంత మొరుగుతుందో, జుట్టు ఎంత రాలుతుందో అందరికీ తెలిసిందే కాబట్టి అది వదిలేస్తున్నా.

మేం వెళ్లేసరికి పిల్లలకు 35 రోజులు. మా బాబు పుట్టినరోజు ఆ వారంలోనే. డబ్బులు కూడా చేత పట్టుకునే పోయాం. టీచరమ్మ మా చెప్పులు గేటు బయటే విడిపించి, పంపు దగ్గర కాళ్లూ చేతులూ కడిగించి గానీ లోపలికి రానివ్వలేదు. కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో వైరస్ చెప్పులకు అంటుకొని కూడా ఇంట్లోకి వస్తుందట. వంటింటి గోడ పక్కన చెక్కపెట్టెలో మూడు పిల్లలు, పక్కనే తల్లి మల్లి. ఆమె ఇంట్లో ఉన్న ఆడకుక్క అదొక్కటే. ఎత్తుకున్నాం, ముద్దు చేశాం, ఫొటోలు దిగాం. తీసుకుపోతామంటే మాత్రం కుదరదన్నారు. "60 రోజులు నిండాలె. అప్పటిదాక తల్లి దగ్గర్నే ఉంటది. నీకు తొందరుంటే వేరే కాడ చూసుకో బిడ్డా, నేనేం అనుకోను." బాబు దారి పొడుగునా ఏడ్చాడు. పెట్ షాపుల్లో నెల పిల్లను అప్పటికప్పుడు అట్టపెట్టెలో పెట్టి ఇస్తుంటే ఈమెకేం పట్టింపు అని మా ఆయన కూడా గొణిగాడు. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల్లోనే ఉందని నాకు ఆ తర్వాత తెలిసింది.

ఆ 25 రోజుల్లో ఏం జరిగిందో బంతి ఇంటికొచ్చాక అర్థమైంది. ఆటలో చెయ్యి నోట పట్టుకుంటుంది కానీ పన్ను దిగనివ్వదు. తోడపుట్టిన పిల్లను గట్టిగా కొరికితే అది కుయ్యిమని ఆట మానేస్తుంది, తల్లిని కొరికితే గుర్రుమంటుంది. ఎంత నొక్కితే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందో పిల్ల అక్కడే నేర్చుకుంటుంది. కరీంనగర్‌లో మా ఆడబిడ్డ వాళ్లు అదే ఏడాది నెల రోజుల షిట్జూ పిల్లను తెచ్చుకున్నారు. ఏడాది దాకా వాళ్ల పిల్లల చేతుల నిండా గాట్లే. బంతి నా కొడుకును ఈ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా రక్తం వచ్చేలా కొరకలేదు.

చప్పుళ్ల సంగతీ అంతే. వంటింటి పక్కనే కళ్లు తెరిచింది కాబట్టి మిక్సీ వేసినా, కుక్కర్ కూసినా చెవి కూడా కదపదు. రాత్రంతా రైళ్లు పోయే కాజీపేటలో పెరిగిన పిల్ల కదా. బతుకమ్మకు వీధిలో పెద్ద సౌండుతో పాటలు పెట్టినా అత్తమ్మ కాళ్ల దగ్గర హాయిగా పడుకుంటుంది. దీపావళికి మాత్రం ఆ ధైర్యమంతా పోతుంది. ఆ రెండు రోజులు మంచం కింద నుంచి బయటికి రాదు, నీళ్లు కూడా అక్కడికే ఇవ్వాలి.

ఇక మూడో రాత్రి సంగతి.

బంతి మా ఇంటికి డిసెంబర్‌లో వచ్చింది. మూడో రోజు సాయంత్రం చుట్టాల పిల్లలు వచ్చి చీకటి పడేదాకా దానితో ఆడుతూనే ఉన్నారు. రాత్రి అన్నం పెడితే వాసన చూసి పక్కకు తిరిగింది. అలిసిపోయిందిలే, పొద్దున తింటుంది అనుకున్నాం. ఒంటిగంటన్నరకు అత్తమ్మ కేక వేస్తే లేచి చూశా. పిల్ల ఒక పక్కకు పడిపోయి ఉంది. మెడ వాలిపోయింది, కళ్లు తెరిచే ఉన్నాయి కానీ చూపు లేదు, ముందుకాళ్లు ఈత కొడుతున్నట్టు ఆడుతున్నాయి. చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. పార్వో అనుకొని నాకు చేతులు ఆడలేదు. కుక్కల క్లినిక్‌కు మా ఆయన నాలుగుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. ఆఖరికి టీచరమ్మకు చేశా. రెండో రింగుకే ఎత్తారు.

"ఏడ్వకు బిడ్డా. తేనె ఉన్నదా ఇంట్ల? వేలికి పెట్టుకొని చిగుళ్లకు రుద్దు. గొంతులకు పొయ్యకు, పొరపోతది."

తేనె చలికి సీసా అడుగున పేరిన నెయ్యిలా గడ్డకట్టి ఉంది. వేలితో గీకి, అరచేతిలో నలిపి, పై పెదవి ఎత్తి రుద్దా. వేడినీళ్లు సీసాలో పోసి, తువ్వాలు చుట్టి, వీపుకు ఆనించి పెట్టమన్నారు. పెట్టాం. ఫోన్ స్పీకర్‌లోనే ఉంది, ఆమె పెట్టెయ్యలేదు. "ఇంకొంచెం రాయి… కాళ్లు ఆగినయా?… ఇంకొంచెం." పది నిమిషాలకు నా వేలి మీద చిన్న నాలుక కదిలింది. తర్వాత తల లేపింది. మెత్తగా పిసికిన చికెన్, అన్నం నాలుగు మెతుకులు తినేదాకా, అంటే రెండున్నర దాకా ఆమె లైన్‌లోనే ఉన్నారు. పొద్దున డాక్టర్ చూసి రక్తంలో చక్కెర పడిపోయిందన్నారు. ఇంత చిన్నజాతి పిల్లల ఒంట్లో చక్కెర నిల్వ తక్కువ. చలి, అలసట, ఖాళీ కడుపు మూడూ కలిస్తే కొన్ని గంటల్లోనే ఇలా అవుతుందట. మూడు నాలుగు గంటలకోసారి పెట్టమని టీచరమ్మ రాసిచ్చిన చీటీలో మొదటి లైనే అది. ఫ్రిజ్‌కు అంటించుకున్నాం కూడా. ఆ రాత్రి పాటించలేదు, అంతే.

రెండేళ్ల దాకా నేను అందరికీ కళ్లు మూసుకొని టీచరమ్మ నంబరే ఇచ్చాను. ఇప్పుడు ఇచ్చే ముందు ఇంకో మాట కూడా చెప్తున్నా.

బంతికి రెండేళ్లు దాటాక వడ్డేపల్లి చెరువుకట్ట మీద నడుస్తుంటే వెనక కుడికాలు ఎత్తి మూడు కాళ్ల మీద గెంతింది. నాలుగడుగులు వేసి, ఆ కాలిని వెనక్కి ఒక్కసారి విదిల్చి, ఏమీ జరగనట్టు మళ్లీ నాలుగు కాళ్లతో నడిచింది. ముల్లేమో అని పాదం తిప్పి తిప్పి చూశా. ఆ నెలలో అలా చాలాసార్లు అయింది. మోకాలి చిప్ప పక్కకు జారుతోందని, తీవ్రతలో రెండో గ్రేడని డాక్టర్ చెప్పారు. చిన్నజాతుల్లో మామూలేనని, చాలాసార్లు పుట్టుకతోనే, వంశం నుంచి వస్తుందని అన్నారు. ఆపరేషన్ ఇప్పుడు అక్కర్లేదట. బరువు పెరగనివ్వకూడదు, సోఫా మీంచి దూకనివ్వకూడదు, నున్నటి టైల్స్ మీద పరుగెత్తనివ్వకూడదు. కొత్తవాడ జంపఖానాలు తెచ్చి హాలంతా పరిచాం. మొదట అవి కూడా బంతితో పాటే జారాయి. అంచులు సోఫా కాళ్ల కింద నొక్కిపెట్టాక నిలిచాయి.

టీచరమ్మకు ఫోన్ చేసి చెప్తే మల్లికి అలాంటిదేం లేదన్నారు. నిజమే, మల్లిని మేం చూశాం కూడా. తండ్రిని చూడలేదు. క్రాసింగ్‌కు వేరే ఊరి కుక్క దగ్గరికి తీసుకుపోయారు, మాకు దాని ఫొటో ఫోన్‌లో చూపించారు, అంతే. తెల్లగా బొమ్మలా ఉంది, మేం కూడా ఇంకేం అడగలేదు. అదే ఈతలో ఇంకో పిల్ల కూడా కుంటుతోందని వారం తర్వాత ఆమే ఫోన్ చేసి చెప్పారు. "నాకు ఎర్క లేదు బిడ్డా. మోకాళ్లు చూపియ్యాలని నాకెవ్వరు చెప్పలే." మల్లిని మళ్లీ కట్టించలేదట. దాచకుండా ఆమే చెప్పడం నాకు నచ్చింది. కానీ బంతి మెట్ల దగ్గర ఆగి, ఎత్తుకొమ్మని నా మొహంలోకి చూసినప్పుడల్లా ఆ ఫొటో గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది. ఇంట్లో ప్రేమగా పెంచడం వేరు, తల్లిదండ్రుల కీళ్లు పరీక్ష చేయించడం వేరు. టీకాలు, నట్టల మందు తేదీలన్నీ అడిగిన నేను ఇది అడగలేదు. బ్రీడర్‌గా రిజిస్ట్రేషన్ ఉందా అని కూడా అడగలేదు.

మా ఇంట్లో పొద్దంతా అత్తమ్మ ఉంటుంది, మూడు నాలుగు గంటలకోసారి తిండి పెట్టడం అందుకే కుదిరింది. ఇద్దరూ ఉద్యోగాలకు పోయి ఇల్లు తాళం వేసే వాళ్లకు ఇంత చిన్న పిల్ల కష్టం. అలాంటి వాళ్లు ఏడాది నిండిన కుక్కను తెచ్చుకుంటే నయమని నాకనిపిస్తుంది. మా ఆడబిడ్డ ఇప్పుడు రెండో కుక్కకు టీచరమ్మ నంబర్ అడుగుతోంది. మల్లి కూతురు ఈసారి ఈనేలా ఉందట. నంబర్ ఇచ్చాను. మగకుక్క ఎక్కడిదో కనుక్కొని, ఆ ఇంటికే పోయి, పది నిమిషాలు నడిపించి చూసి రమ్మన్నాను. తోడు నేనూ వస్తానన్నాను.