ఫ్లోరిడా వెళ్లే మన జిల్లా వాళ్లకి: కేప్ కెనావరల్ స్పేస్ ఫోర్స్ మ్యూజియం ఎలా ఉందంటే

పిల్లల్ని చూడ్డానికి అమెరికా వెళ్లొచ్చే తల్లిదండ్రులు మన శ్రీకాకుళంలో ఇప్పుడు వీధికో జంట ఉన్నారు. అందులో ఫ్లోరిడా వెళ్లొచ్చినవాళ్ల ఫోన్లు తెరిస్తే ఒకటే వరస ఫొటోలు. ఆర్లాండోలో బొమ్మల కోట, ఆ తర్వాత నాసా వాళ్ల కెన్నెడీ స్పేస్ సెంటర్లో షటిల్ ముందు నవ్వుతూ ఒకటి. కెన్నెడీ సెంటర్ బాగుంటుంది, కాదనను. టికెట్టు ధరని రూపాయల్లోకి మార్చుకోకుండా ఉండగలిగితే ఇంకా బాగుంటుంది. నేను చెప్పబోయేది దాని గురించి కాదు. దానికి దగ్గర్లోనే, పోర్ట్ కెనావరల్ ఓడల రేవు పక్కన, సైనిక స్థావరం దక్షిణం గేటుకి బయట ఓ చిన్న భవనం ఉంది. పేరు శాండ్స్ స్పేస్ హిస్టరీ సెంటర్. కేప్ కెనావరల్ స్పేస్ ఫోర్స్ మ్యూజియంలో గేటు బయటి భాగం అన్నమాట. లోపలికి వెళ్లడానికి పైసా అక్కర్లేదు.

"ఏటి మేస్టారూ, రాకెట్లు చూసొచ్చారట, ఏటి సంగతి?" అని ఏడు రోడ్ల కూడలి దగ్గర కనిపించిన ప్రతి పాత విద్యార్థీ అడుగుతున్నాడు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైనవాణ్ణి కనక కాస్త పాఠం ధోరణి వస్తుంది, సర్దుకోండి.

ముందు ఈ మ్యూజియం ఎవరిదో తెలియాలి. నాసాది కాదు, మిలటరీది. మొన్నమొన్నటిదాకా దీన్ని ఎయిర్ ఫోర్స్ స్పేస్ అండ్ మిసైల్ మ్యూజియం అనేవారు. 2019 డిసెంబరులో అమెరికా స్పేస్ ఫోర్స్ అని వేరే దళం పెట్టుకుంది, మరుసటేడాది స్థావరం పేరు మారింది, ఆ వెనకే మ్యూజియం పేరూ మారింది. పాత పేరులో ఉన్న 'మిసైల్' కొత్త పేరులో లేదు. గోడల మీద మాత్రం ఎక్కడికీ పోలేదు, ఏ వైపు తిరిగినా అదే.

అసలు మ్యూజియం గేటు లోపలుంది. అమెరికా మొదటి ఉపగ్రహం ఎగిరిన 26వ లాంచ్ కాంప్లెక్సూ, రాకెట్ లేచేటప్పుడు మనుషులు లోపల కూర్చుని నడిపే దాని కాంక్రీటు బ్లాక్‌హౌసూ, పక్కనే అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి అమెరికన్ అలన్ షెపర్డ్ ఎగిరిన 5వ నంబరు ప్యాడూ అన్నీ అక్కడే. అది పనిలో ఉన్న సైనిక స్థావరం. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డులు చూస్తారు, మనలాగ విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి షరతులు ఎక్కువ. లోపలిది మా అల్లుడు చూశాడు, అతనికి అక్కడి పౌరసత్వం ఉంది. "మావయ్యా, ఆ బ్లాక్‌హౌస్ కిటికీ అద్దం మందం చూస్తే మీరు వక్రీభవనం పాఠం అక్కడే మొదలెట్టేస్తారు" అన్నాడు. నేను చూసింది బయటిదే. మీరూ అదే చూస్తారు కనక దాని గురించే చెబుతాను.

ఇక్కడి ప్రదర్శన లాంచ్ ప్యాడ్ల వారీగా నడుస్తుంది. ఏ ప్యాడ్ ఎప్పుడు కట్టారు, దేనికోసం కట్టారు, అక్కడినుంచి ఏవి ఎగిరాయి, ఏవి కూలాయి. కూలినవాటిని దాచుకోలేదు, ఆ మాట నాకు నచ్చింది. రాకెట్ల నమూనాలు, పాత ఫొటోలు, యూనిఫాం బిళ్లలు, మీటలూ గడియారాలూ ఉన్న కంట్రోల్ బల్లలు ఉన్నాయి. ఒక బల్ల దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. కంప్యూటర్ తెర ఏమీ లేదు. వరసగా బొటనవేలంత స్విచ్చులు, ఒక్కోదాని కింద చెక్కిన పేరు. తరచూ నొక్కే స్విచ్చుల చుట్టూ రంగు అరిగి లోహం కనబడుతోంది, ఎప్పుడోగాని ముట్టుకోని వాటి చుట్టూ రంగు కొత్తగా మెరుస్తోంది. ఆ బల్ల ముందు కూర్చున్న మనిషి చెయ్యి రోజూ ఎటు తిరిగేదో ఆ అరుగుదల చూసి చెప్పెయ్యొచ్చు.

ఫొటోల్లో తప్పకుండా చూడాల్సింది 1950 జులై 24ది. కేప్ నుంచి ఎగిరిన మొట్టమొదటి రాకెట్, బంపర్ 8. కింద జర్మనీ వాళ్ల వీ2, దాని నెత్తిన వాక్ కార్పొరల్ అనే చిన్న అమెరికన్ రాకెట్. పక్కన నిలబెట్టిన గ్యాంట్రీ, అంటే రాకెట్ మీద పనిచెయ్యడానికి ఎక్కే చట్రం, ఏమిటనుకున్నారు? ఇళ్లకి రంగులేసేవాళ్లు ఎక్కే సారువ. నిజంగా అదే, పెయింటర్ల సారువే తెచ్చి కట్టారు. చుట్టూ ఇసుకా తుప్పలూ. ఆ ఫొటో చూస్తే మన భావనపాడు తీరంలో ఎవరో ఏదో కడుతున్నట్టే ఉంటుంది. ఆ వీ2 వెనక చీకటి కథ ఉంది, అదీ తెలిసుండాలి. హిట్లర్ కాలంలో వాటిని భూగర్భ కార్ఖానాల్లో నిర్బంధ శిబిరాల బందీల చేత చేయించారు. ఆ రాకెట్లు మీదపడి పోయినవాళ్ల కన్నా వాటిని తయారుచేస్తూ పోయినవాళ్లే ఎక్కువ.

మేం వెళ్లినప్పుడు పసుపురంగు బస్సులో ఓ స్కూలు గుంపు దిగింది. నాలుగో తరగతో ఐదో తరగతో అయ్యుంటారు. తెల్లజుట్టు వాలంటీరు ఒకాయన వాళ్లని నేల మీద కూర్చోబెట్టి కథ మొదలుపెట్టాడు. నా ఉద్యోగ బుద్ధి ఎక్కడికి పోతుంది, వెళ్లి వెనక నిలబడ్డాను. ఆయన ఎక్స్‌ప్లోరర్ 1 చెప్పిన తీరు గురించి నాలుగు మాటలు చెప్పాలి.

1957 అక్టోబరు 4న రష్యా స్పుత్నిక్ పంపింది. అమెరికా హడావిడిగా డిసెంబరు 6న నేవీ వాళ్ల వాన్‌గార్డ్ వెలిగించింది. అది ఓ మీటరు ఎత్తు లేచి, మళ్లీ ప్యాడ్ మీదే చతికిలబడి పేలిపోయింది. పైన ఉన్న చిన్న ఉపగ్రహం మాత్రం ఎగిరి పక్కన పడి, అక్కడినుంచే బీప్ బీప్ మంటూ సంకేతాలు పంపుతూ ఉంది. పిల్లలు పగలబడి నవ్వారు. అప్పుడు ఆయన గొంతు తగ్గించి 1958 జనవరి 31 రాత్రి పది నలభై ఎనిమిది దగ్గరికి వచ్చాడు. ఈసారి ఆర్మీ వంతు. రెడ్‌స్టోన్ క్షిపణి నుంచి పుట్టిన జూనో 1 రాకెట్ పైకి వెళ్లింది. ఉపగ్రహం కక్ష్యలోకి చేరిందో లేదో తెలియాలంటే అది భూమిని చుట్టి కాలిఫోర్నియా మీదికి వచ్చేదాకా ఆగాలి. రావాల్సిన సమయానికి రాలేదు. ఎనిమిది నిమిషాల పాటు రాలేదు. ఆ ఎనిమిది నిమిషాలూ వాలంటీరు ఏమీ చెప్పకుండా చేతి గడియారం చూస్తూ నిలబడ్డాడు, ఎనిమిది కాదుగాని ఓ అర నిమిషం. పిల్లలు కిక్కురుమనలేదు. ఆ తర్వాతే అసలు సంగతి చెప్పాడు. అనుకున్నదానికన్నా పెద్ద కక్ష్యలోకి వెళ్లింది గనక చుట్టి రావడానికి ఎక్కువసేపు పట్టిందని. ఇన్నేళ్లు కక్ష్యావర్తన కాలం సూత్రం బోర్డు మీద రాసినవాణ్ణి, ఇంత శుభ్రంగా ఎప్పుడూ చెప్పలేదేమో.

ఆ ఉపగ్రహం బరువు 14 కిలోలు, అంటే మనం తెచ్చుకునే పాతిక కిలోల బియ్యం బస్తాలో సగం పైచిలుకు. అందులో శాస్త్రవేత్త వాన్ అలెన్ పెట్టిన, రేడియేషన్ కొలిచే గీగర్ కౌంటర్ వల్లే భూమి చుట్టూ రేడియేషన్ పట్టీలున్నాయని బయటపడింది.

స్నార్క్ కథ కూడా పిల్లలకి బాగా పట్టింది. అది రెక్కలున్న క్షిపణి. పరీక్షలప్పుడు ఎన్ని సముద్రంలో పడ్డాయంటే, కేప్ దగ్గర నీళ్లని 'స్నార్కులు తిరిగే సముద్రం' అని అక్కడివాళ్లే ఎగతాళి చేసేవారు. 1956లో ఒకటి దారితప్పి దక్షిణానికి వెళ్లి మాయమైంది. పాతికేళ్లు దాటాక బ్రెజిల్ అడవిలో దొరికింది.

ఇక ఈ ప్రదర్శనలో నాకు ముఖ్యమైన చోటు 17వ నంబరు ప్యాడ్ గురించి పెట్టిన భాగం. అక్కడ ఎవరూ ఎక్కువసేపు ఆగడం లేదు. ఎందుకు ఆగాలో మన తీరం వాళ్లకి చెబుతాను.

ఆ ప్యాడ్ కట్టింది థోర్ అనే క్షిపణి కోసం. అణుబాంబు మోసుకుని 2,400 కిలోమీటర్లు పోయేది. 1957 జనవరిలో మొదటి థోర్ ప్యాడ్ మీదే కూలింది. తర్వాత దారిలో పడింది, అలాంటివి 60 తీసుకెళ్లి ఇంగ్లండులో రష్యా వైపు గురిపెట్టి 1963 దాకా ఉంచారు. ఆ థోర్‌నే కింది దశగా పెట్టి, పైన మరో రెండు దశలు తగిలించి 1960లో డెల్టా అని పేరుపెట్టారు. ఆ డెల్టా వంశం రాకెట్ ఒకటి 1982 ఏప్రిల్ 10న ఇదే 17వ కాంప్లెక్సు నుంచి వాతావరణాన్ని కనిపెట్టే మన ఉపగ్రహం ఇన్‌శాట్ 1ఏని ఎక్కించుకుని వెళ్లింది. అణుయుద్ధానికి చేసిన క్షిపణి మనవడి భుజం మీద మన తుపాను కెమెరా!

పాపం ఇన్‌శాట్ 1ఏకి ఆయుష్షు లేదు, ఇంధనం అయిపోయి సెప్టెంబరులోనే పోయింది. మరుసటేడు ఆగస్టులో ఇన్‌శాట్ 1బీ పక్కనున్న కెన్నెడీ సెంటర్ నుంచి ఛాలెంజర్ షటిల్లో వెళ్లి బాగా పనిచేసింది. దూరదర్శన్‌లో వాతావరణ వార్తలప్పుడు తెల్లని సుడి ఉన్న బొమ్మ చూశాం కదా, ఆ పుణ్యమే. ఇన్‌శాట్ 1డీ మళ్లీ 17వ ప్యాడ్ నుంచే, 1990 జూన్ 12న. అసలు ఏడాది ముందే వెళ్లాల్సింది, ప్యాడ్ మీద క్రేన్ కొక్కెం తగిలి దెబ్బతింటే బాగుచేసి పంపారు.

ఈ బొమ్మలు లేని రోజుల్లో 1977 నవంబరులో దివిసీమలో పదివేలమంది దాకా పోయారు. 1990 మేలో ఇంచుమించు అంత తుపానూ కృష్ణా తీరాన్నే కొట్టింది. అప్పటికి పైన ఇన్‌శాట్ ఉంది, కింద జనాన్ని లక్షల్లో తరలించారు. పోయినవాళ్లు వెయ్యి లోపు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన తెల్లవారుజాము మనకి తెలిసిందే, ఉద్దానం కొబ్బరి మొత్తం నేలకొరిగింది. కానీ ఎటు వస్తోందో ముందే తెలుసు. అప్పటికి పైన ఉన్నవి మన ఇన్‌శాట్ 3డీ, 3డీఆర్. రెండోదాన్ని శ్రీహరికోట నుంచి మన జీఎస్‌ఎల్‌వీ రాకెట్టే మోసింది. ఆ ఏడాదే జులైలో 17వ ప్యాడ్ టవర్లని అమెరికా వాళ్లు మందుగుండు పెట్టి కూల్చేశారు, పని అయిపోయిందని.

ఇదంతా అక్కడ నిలబడి మా మనవడికి చెప్పాను. వాడు ఇంగ్లీషులో వాలంటీరుకి చెప్పాడు. ఆయన కళ్లు పెద్దవి చేసి, "ఐతే మీ తాతయ్య ఊరికి కేప్‌తో పాత చుట్టరికం ఉందన్నమాట" అన్నాడట. మావాడు ఆ మాట తెలుగులో చెప్పడానికి కాస్త తంటాలు పడ్డాడుగాని సంగతి అందింది.

పిల్లల్ని ఒక్క చూపుతో కట్టిపడెయ్యడంలో నా ఓటు మాత్రం విశాఖ బీచిలో కురుసుర జలాంతర్గామికే. మన స్కూళ్లవాళ్లం ఎన్నిసార్లు తీసుకెళ్లినా టార్పెడో గొట్టాల దగ్గర తలవంచి దూరేటప్పుడు పిల్లల మొహాలు చూడాలి. శాండ్స్ సెంటర్లో దూరడానికేమీ లేదు. చదవాలి, వినాలి. చదివే ఓపిక లేనివాళ్లకి అరగంటలో అయిపోతుంది. చెప్పే మనిషి పక్కనుంటే పూట గడిచినా తెలీదు. చిన్నపిల్లలతో వెళ్తే ముందు ఇది చూపించి, తర్వాత కెన్నెడీకి వెళ్లండి. షటిల్ చూసొచ్చాక ఇక్కడి నమూనాలు వాళ్ల కంటికి ఆనవు.

స్థావరం లోపల ఓ దీపస్తంభం కూడా ఉంది, 1868 నాటి ఇనుప స్తంభం. సముద్రం మీదికి వచ్చేస్తోందని 1893-94లో విప్పి లోపలికి తరలించి మళ్లీ బిగించారు. కళింగపట్నం దీపస్తంభం చూసి పెరిగిన మా ఆవిడకి రాకెట్లన్నిటికన్నా ఆ ఫొటోయే నచ్చింది. "మనకీ దాని పక్కన ఓ గది వేసి తుపాన్ల సంగతులు పెడితే పోదా" అంది. నాకూ ఆ మాట సబబుగానే తోచింది. వంశధార ముఖం దగ్గర, ఓ పాత ఇన్‌శాట్ బొమ్మ, ఓ రాడార్ నమూనా, తుపాను చూసిన ఓ పెద్ద మత్స్యకారుడు. ఖర్చెంతని!

ఆర్లాండో నుంచి కారులో గంట ప్రయాణం. తెరిచే రోజులూ వేళలూ ముందే చూసుకుని బయల్దేరండి, వారమంతా ఉండదు. లోపలి టూరు కావాలంటే ఆ రిజిస్ట్రేషన్ పిల్లల చేత చాలా ముందుగా చేయించండి. మేం పులిహోర కట్టుకెళ్లి రేవు వైపు కారాపి తిన్నాం. ఎదురుగా ఏడంతస్తుల మేడల్లాంటి ఓడలు కదుల్తుంటాయి, అదీ ఉచితమే.

బంపర్ సారువ, ఎక్స్‌ప్లోరర్, 17వ ప్యాడ్, ఈ మూడు ఫొటోలూ నా ఫోన్లో ఉన్నాయి. మన జిల్లా సైన్సు మాస్టార్లకి ఎవరికి కావాలన్నా వాట్సాప్‌లో పంపుతాను. తొమ్మిదో తరగతికి ఒక పీరియడు హాయిగా నడుస్తుంది.