శ్రీలంక విమానం ఎవరి చేతిలో ఉంటే మేలు?

శ్రీలంక జాతీయ విమానయాన సంస్థను అమ్మాలా, ఉంచుకోవాలా అన్న వాదన కొలంబోలో ఎడతెగడం లేదు. రణిల్ విక్రమసింఘె ప్రభుత్వం కొనేవాళ్ల కోసం బిడ్లు పిలిచింది. 2024లో గద్దెనెక్కిన అనుర కుమార దిసనాయకె ప్రభుత్వం అమ్మేది లేదంది. ఏది మేలో చెప్పడానికి ఊహాగానాలు అక్కర్లేదు. సొంతంగా నడపడం, పరాయివాళ్లకు అప్పగించడం రెండూ ఆ దేశం చేసి చూసింది.

మొదట ఎయిర్ సిలోన్. 1947 డిసెంబర్ 10న సీతాదేవి అని పేరు పెట్టుకున్న డకోటా విమానం రత్మలానలో లేచి, యాళ్పాణం (జాఫ్నా) పక్కన దిగి, మద్రాసు చేరింది. అప్పటికింకా సిలోన్‌కు స్వాతంత్ర్యం రాలేదు. దూరప్రయాణాలకు మాత్రం ఎప్పుడూ ఎవరో ఒక విదేశీ విమాన సంస్థ తోడు కావాల్సి వచ్చింది. ముందు ఆస్ట్రేలియా ఏఎన్‌ఏ, తర్వాత డచ్చివాళ్ల కేఎల్‌ఎం, బ్రిటన్ బీఓఏసీ, చివరికి ఫ్రాన్స్ యూటీఏ. తోడు మారినప్పుడల్లా పని మళ్లీ మొదటికొచ్చేది. 1978తో ఆ సంస్థ కథ ముగిసింది.

1979లో జయవర్ధనె ప్రభుత్వం ఎయిర్ లంక పెట్టింది. విమానాలూ, నిర్వహణ పాఠాలూ సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఇచ్చింది. అప్పటికి సింగపూర్ ఎయిర్‌లైన్స్ వయసు ఏడేళ్లే! పాఠాలు అయిపోయాక ఎయిర్ లంక ట్రైస్టార్ జెట్ విమానాలు కొంది, రెండు బోయింగ్ 747లు తెచ్చింది, అప్పుల్లో పడింది. దానికి తోడు ఎల్‌టీటీఈతో అంతర్యుద్ధం. 1986 మే 3న కొలంబో దగ్గరి కటునాయక విమానాశ్రయంలో ఆగి ఉన్న ట్రైస్టార్‌లో బాంబు పేలి 21 మంది చనిపోయారు.

1998లో దుబాయ్ విమాన సంస్థ ఎమిరేట్స్ వచ్చింది. సుమారు 40 శాతం వాటా, 7 కోట్ల డాలర్లు, పదేళ్ల పాటు నిర్వహణ పూర్తిగా వాళ్లదే. మెజారిటీ వాటా ప్రభుత్వానిదే అయినా రోజువారీ నిర్ణయాలు కొత్త యాజమాన్యానివి. పేరు శ్రీలంకన్‌గా మారింది. ఈ పద్ధతికి అసలైన పరీక్ష 2001 జులై 24న ఎదురైంది. కటునాయకపై ఎల్‌టీటీఈ దాడిలో సంస్థ విమానాల్లో దాదాపు సగం కాలిపోవడమో దెబ్బతినడమో జరిగింది. టూరిస్టులు రావడం మానేశారు. అలాంటి స్థితిలో యాజమాన్యం ఖర్చులు కోసి, భారత్ మీద దృష్టి పెట్టి, ఇక్కడి నగరాలకు సర్వీసులు పెంచి సంస్థను నిలబెట్టింది. నా లెక్కలో ఆ సంస్థ చరిత్రలో ఇంతకు మించిన పని లేదు. ఎమిరేట్స్ తన దుబాయ్ వ్యాపారం కూడా చూసుకుందన్న విమర్శ ఉంది. అందులో నిజం ఉన్నా, లాభనష్టాల పట్టీ ఆ విమర్శను మించి మాట్లాడుతుంది.

ఆ బంధం ఎలా తెగిందో చూస్తే ఏది మేలో సగం తేలిపోతుంది. 2007 డిసెంబర్‌లో లండన్ నుంచి కొలంబో వచ్చే విమానం నిండిపోయింది. అధ్యక్షుడు మహింద రాజపక్స బృందానికి దాదాపు 35 సీట్లు కావాలన్నారు. టికెట్లు కొనుక్కున్న ప్రయాణికులను దించడానికి సీఈఓ పీటర్ హిల్ ఒప్పుకోలేదు. కొద్ది రోజులకే ఆయన వర్క్ పర్మిట్ రద్దయింది. 2008 మార్చితో ముగిసిన నిర్వహణ ఒప్పందాన్ని ఎమిరేట్స్ పొడిగించలేదు. 2010లో తన వాటాను 5.3 కోట్ల డాలర్లకు ప్రభుత్వానికే అమ్మేసి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఏళ్ల తరబడి నష్టాలే. ప్రభుత్వమే అంతకుముందే పక్కన మిహిన్ లంక అని ఇంకో సంస్థ పెట్టి, అదీ నష్టపోతే 2016లో శ్రీలంకన్‌లో కలిపింది. విమానాల తయారీ సంస్థ ఎయిర్‌బస్‌కు ఏ350 విమానాలు ఆర్డరిచ్చి, రద్దు చేసుకుని, పరిహారం కట్టారు. ఆ కాలపు విమానాల కొనుగోలులో లంచాలను అడ్డుకోలేకపోయామని ఎయిర్‌బస్ 2020లో బ్రిటన్ కోర్టు ముందు ఒప్పుకుంది. 17.5 కోట్ల డాలర్ల బాండ్లకు హామీ ఉన్నది ప్రభుత్వమే, అంటే ఆ భారం జనానిదే. 2022లో ఇంధనం కరువై దూరప్రయాణ విమానాలు తిరువనంతపురం, కొచ్చిల్లో దిగి నింపుకుని వెళ్లాయి. మంచి లేదని కాదు. 2014లో వన్‌వరల్డ్ అనే అంతర్జాతీయ విమాన సంస్థల కూటమిలో చేరింది. 2017 జులైలో హైదరాబాద్, విశాఖల నుంచి కొలంబోకి నేరుగా విమానాలు వేసింది. వీటితో అప్పు తీరలేదంతే.

అలాగని సర్కారు సొమ్ము ఉంటేనే చెడుతుందనడం తప్పు. సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో సగానికి పైగా వాటా ప్రభుత్వ సంస్థ టెమాసెక్‌దే. అది కూడా ద్వీప దేశమే, పైగా దేశంలోపల తిరగడానికి ఒక్క రూటూ లేదు. మలేషియాతో కలిసి నడిపిన సంస్థ విడిపోయాక 1972లో మొదలైంది. నష్టాలొస్తే ఖజానా ఆదుకోదని అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ మొదట్లోనే తేల్చి చెప్పారు.

సర్కారే నడపడం, ఎమిరేట్స్‌లా పరాయివాళ్లకు అప్పగించడం, సర్కారు సొమ్ము పెట్టినా జోక్యం లేని సింగపూర్ పద్ధతి, ఈ మూడింటిలో సింగపూర్‌దే అన్నిటికన్నా మేలు, అది అరుదు కూడా. శ్రీలంకకు ఈ రోజు అందేది ఎమిరేట్స్ తరహా ఒప్పందమే. అమ్మేయడం కన్నా అది మంచిది, ఎందుకంటే కష్టకాలంలో రూట్లు పూర్తిగా పరాయివాళ్ల ఇష్టానికి పోవు. మెజారిటీ వాటా ఉంచుకుని నిర్వహణ పదేళ్లకు కాక ఇరవై ఏళ్లకు ఇవ్వాలి. సీఈఓను మంత్రులు తీసేయలేని షరతు ఆ ఒప్పందంలో రాసుకోవాలి. వర్క్ పర్మిట్‌తో సహా.