పాత బార్న్‌లా, శిలువ శిఖరాల చర్చిలా: అమ్మానాన్నలకు ఏవి చూపిస్తే మేలు?

వేసవి వచ్చిందంటే కొలంబస్, డేటన్ తెలుగువాళ్లు నన్ను అడిగేది ఇదే. "అమ్మావాళ్లు వచ్చారు, నయాగరా అయిపోయింది. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేలా ఒహాయో పల్లెలు చూపించాలి. బార్న్‌లు మేలా, పడమటి కౌంటీల చర్చిలు మేలా?" రెండూ చూడదగ్గవే. ఒకటే ఎంచుకోమంటే చర్చిలే అంటాను. అందంలో తేడా ఉందని కాదు, వాటి లోపలికి వెళ్లొచ్చని.

బార్న్ అంటే పశువులు, మేత ఉంచే పెద్ద కొట్టం, అది ఎవరో ఒక రైతు సొంతం. అడగకుండా ఆవరణలోకి వెళ్లకూడదు, రోడ్డు మీద నుంచే చూడాలి. ఆగ్లేజ్ కౌంటీలో న్యూ హాంప్‌షైర్ దగ్గర 1908లో కట్టిన మాంచెస్టర్ గుండ్రటి బార్న్‌నే తీసుకోండి. గుండ్రంగా కడితే అంతే కలపకు ఎక్కువ చోటు వస్తుంది, మధ్యలో నిలబడి చుట్టూ కట్టేసిన పశువులకు మేత వేయొచ్చు. ఆ పనితనమంతా లోపలే ఉంది, మనకు కనిపించేది గోడా కప్పూ. కారులోంచే చూడాలనుకుంటే ఆడమ్స్ కౌంటీ వైపు వెళ్లండి. 2001లో డోనా సూ గ్రోవ్స్ అనే ఆమె తన తల్లి గౌరవార్థం అక్కడ మొదలుపెట్టిన పనే, బార్న్‌ల మీద బొంతల నమూనాలు వేయడం. ఇప్పుడది చాలా రాష్ట్రాలకు పాకింది.

చర్చిలన్నీ మెర్సర్ కౌంటీ, దాని చుట్టుపక్కలే. 1843లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఫాదర్ ఫ్రాన్సిస్ డి సేల్స్ బ్రూనర్, ఆయన వెంట వచ్చిన ప్రెషస్ బ్లడ్ అనే క్యాథలిక్ సభ గురువులు జర్మన్ రైతుల ఊళ్లలో పారిష్‌లు, అంటే ఊరి చర్చి సంఘాలు, నిలబెట్టారు. నేల బల్లపరుపు. మొక్కజొన్న, సోయా చేల మీదుగా ఒక శిఖరం దాటేలోపే ఇంకోటి కనిపిస్తుంది. మిన్‌స్టర్‌లో సెయింట్ అగస్టీన్ చర్చి జంట గోపురాలు తప్పక చూపించండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు బెంచీ మీద కూర్చుని రంగుటద్దాలు, చెక్కిన బలిపీఠం తీరిగ్గా చూసుకోవచ్చు. పైగా ఇవి మ్యూజియాలు కావు. ఆ ఊళ్ల పెళ్లిళ్లు, అంత్యక్రియలు, వేసవి పిక్నిక్‌లు నేటికీ వీటి చుట్టూనే జరుగుతాయి.

మరియా స్టెయిన్‌లోని పుణ్యక్షేత్రంలో వెయ్యికి పైగా పునీతుల అవశేషాలున్నాయి. వాటిలో ఎముకలు కూడా ఉంటాయని ఇంట్లోనే చెప్పి తీసుకెళ్లండి, కొందరికి ఇబ్బందిగా ఉంటుంది. భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతుకరండాల (బౌద్ధ అవశేషాలు దాచిన పేటికల) గురించి విన్నవాళ్లకు మాత్రం కొత్తగా అనిపించదు.

ఒక జాగ్రత్త. ఈ చర్చిల్ని చూసుకునే క్యాథలిక్ పాలనా విభాగం, సిన్సినాటి ఆర్చ్‌డయోసిస్, 2022 నుంచి పారిష్‌లను కొన్నేసి చొప్పున కలిపి నడుపుతోంది. మాస్ (పూజ) వేళలు, తలుపులు తీసి ఉండే సమయాలు ముందే కనుక్కోండి. మాస్ జరుగుతుంటే ఫోటోల జోలికి వెళ్లొద్దు.

పిల్లలుంటే వాపకొనెటాలో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ మ్యూజియం దగ్గరే. కవర్డ్ బ్రిడ్జిల (పైకప్పున్న పాత వంతెనల) కోసం ప్రత్యేకంగా వెళ్లనక్కర్లేదు, దారిలో వస్తే ఆగండి.

మీ నాన్నగారు సేద్యం చేసిన మనిషైతే మాత్రం నా మాట పక్కనపెట్టి, ఆగస్టులో కౌంటీ ఫెయిర్‌కి తీసుకెళ్లండి. పశువుల కొట్టాల్లో తిరగొచ్చు, రైతులతో మాట్లాడొచ్చు. పాలెన్నిస్తుంది, మేతేంటి అని ఆయన అడుగుతుంటే మీరు పక్కన నిలబడి ఇంగ్లీషులో చెబితే చాలు.